తెర వెనక పాడనన్న రంగరాజు

తమిళనాట ఏ. పళ్లిపట్టి అనే ఊరి మగవాళ్లంటే రంగరాజుకు పరమ అలుసు. ఏళ్ల తరబడి వాళ్లను స్టేజీ మీద నుంచి, పట్టుచీర కట్టుకుని, రాణి వేషంలో చూసినవాడు మరి. తెర తొలగి అతను పాట ఎత్తుకోగానే నోళ్లు తెరుచుకుని కూర్చునేవాళ్లు. రాణికి కష్టం వస్తే తువ్వాళ్లతో కళ్లు ఒత్తుకునేవాళ్లు. పొద్దున అదే రంగరాజు లుంగీ కట్టుకుని టీకొట్టుకు వస్తే, ఆ ఏడ్చినవాళ్లే నడుము ఊపుకుంటూ వెక్కిరించేవాళ్లు. అతను వాళ్ల వంక తేరిపార చూసి, "నడుము అట్లా కాదురా ఊపేది. ఇన్నేండ్లు చూసినా నేర్చుకోలేకపోయినారు" అనేసి తాపీగా టీ తాగేవాడు.

వేరుశనగ పండించుకునే తెలుగు కుటుంబం అతనిది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కొడుకు గొంతు సన్నగా ఉందని తండ్రి సిగ్గుపడితే, ఆ గొంతు కోసమే వీధినాటకం జట్టు నడిపే సుబ్బరాయప్ప అతన్ని వెంట తీసుకుపోయాడు. మొదట వంతపాట. తర్వాత సుబ్బరాయప్ప వేళ్ల వంక చూస్తూనే హార్మోనియం పట్టేశాడు. ఆపైన ఆడవేషాలు. రాజు వేసేవాడికి జ్వరం వస్తే ఆ పాటలు కూడా తనే, బొంగురు గొంతు పెట్టి పాడేవాడు.

జట్టులో మద్దెల వాయించేది పిక్కిలి నుంచి వచ్చిన ఎల్లప్పన్. అతనూ రంగరాజూ బస్టాపు వెనక ఒక పెంకుటింట్లో కలిసి ఉండేవాళ్లు. ఒకే పొయ్యి, ఒకే చాప. ఊరందరికీ తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండడం ఒక్కటే ఆ ఊరి పెద్దమనుషులకు వచ్చిన నటన; అదీ అరకొరగా.

1984 తిరునాళ్లకు ఆ నటన కూడా చేతకాలేదు వాళ్లకు. ఉత్సవం పెద్ద చిన్నసామి, రైసుమిల్లు యజమాని. ఆ ఏడు అతని కొత్త వియ్యంకులు సేలం నుంచి వస్తున్నారు. "మద్దెలవాడితో కాపురముండేవాడు మీ అమ్మవారి ముందర రాణి వేషం కడతాడంట గదా?" అని వాళ్లలో ఎవరో అడిగారట. చిన్నసామికి ఉన్నట్టుండి పరువు గుర్తొచ్చింది. రాణి వేషానికి జవుళికొట్టులో పనిచేసే అన్బళగన్‌ను కుదిర్చాడు. అన్బళగన్‌కు పెళ్లయింది, పిల్లలున్నారు; అంతకు మించి అర్హత లేదు. పాట రాదు. మీసం తీయమంటే అత్తగారివాళ్లు ఒప్పుకోరని, దాని మీదే దట్టంగా రంగు పూసుకున్నాడు.

సాయంత్రం మైకుసెట్టు కట్టి, జనం వచ్చి కూర్చుంటుండగా చిన్నసామి రంగరాజును పక్కకు పిలిచాడు. సుబ్బరాయప్ప అక్కడే నేల చూస్తూ నిలబడి ఉన్నాడు.

"రంగా, ఈతూరి నువ్వు తెర ఎనక కూసోని పాడప్పా. అన్బళగన్ ముందర నోరాడిస్తాడు."

"ఎందుకన్నా?"

"ఎందుకంటే... నీకు తెలీదా ఏమి?"

"నాకు తెలీదు. గురువా, మీకు తెలుసునా?"

సుబ్బరాయప్ప తలెత్తలేదు. "ఈ ఒక్క ఏడు సర్దుకో రంగా. కాదంటే జట్టుకు ఈ ఊరు పోతుంది" అన్నాడు.

చిన్నసామి మీద రంగరాజుకు కోపం కూడా రాలేదు. కోపానికి తగిన మనిషి కాడు. గురువు మాట మాత్రం ముల్లులా దిగింది.

"సరి, పాడతాను. మైకు ఉండాది, జనం ఉండారు. నన్ను తెర ఎనక ఎందుకు కూసోమంటా ఉండారో మీరు పోయి చెప్పండి. చెప్పినంక కూసుంటాను."

చిన్నసామి మైకు దగ్గరికి పోయాడు. ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఊరి జనానికి వణక్కం" అన్నాడు. కాసేపాగి మళ్లీ "వణక్కం" అన్నాడు. ఎదురుగా కుర్చీల్లో వియ్యంకులు. మిల్లులో కూలీలను పేరుపేరునా బూతులు తిట్టే ఆ నోటికి ఇప్పుడు ఒక్క మాట దొరకలేదు. చివరకు, "మన రంగరాజుకు ఈ పొద్దు గొంతు కట్టుకోని పోయింది. అందుకని..." అన్నాడు.

అంతలోనే పక్క నుంచి రంగరాజు గొంతెత్తాడు. రాణి సభకు వచ్చే పాట, మైకు లేకుండా, బస్టాపు దాకా వినబడేట్టు. ఒక్క చరణం పాడి ఆపాడు. ఆడవాళ్లలో కూర్చున్న ముసలి కుప్పాయి, "గొంతు కట్టింది నీకు చిన్నసామీ!" అని అరిచింది. జనం ఘొల్లున నవ్వారు.

రంగరాజు స్టేజీ దిగిపోయాడు. పిలవకుండానే ఎల్లప్పన్ మద్దెల భుజానికి తగిలించుకుని వెంట నడిచాడు. తర్వాత చెమటకు రంగు కారిపోయి రాణికి మీసం బయటపడిందనీ, వియ్యంకులు భోజనానికని లేచి మళ్లీ రాలేదనీ ఎవరో చెప్పగా విన్నారు.

"ఏడుస్తా ఉండావా?" దారిలో అడిగాడు ఎల్లప్పన్.

"వాళ్ల కోసరమా? థూ!" అన్నాడు రంగరాజు. ఏడుపు గురువు కోసమని చెప్పడానికి నోరు రాలేదు.

ఇద్దరూ మొరప్పూరుకు మకాం మార్చారు. ధర్మపురి పెళ్లిమండపాల్లో పాటల పార్టీ ఒకటి రంగరాజును చేర్చుకుంది. జంటపాటలో రెండు గొంతులూ అతనివే. ఆడపిల్ల ఎక్కడుందా అని జనం తలలు తిప్పి వెతికేవాళ్లు. పాటల నడుమ చిన్న హాస్యనాటకాలు తనే అల్లి ఆడేవాడు. మైకు ముందు మాట పెగలని పెద్దమనిషి వేషానికి పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లలో సగం మంది ఆ పెద్దమనుషులే. తమనే అంటున్నాడని గ్రహించే పాటి తెలివి కూడా లేదే అనుకునేవాడు.

నాలుగేళ్లకు ఒక మధ్యాహ్నం సుబ్బరాయప్ప ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"ఎందుకొచ్చినారు?" అన్నాడు రంగరాజు.

"జట్టు లేదు రంగా. ఊరూరా వీడియో వచ్చినంక కూత్తు నాటకాన్ని ఎవరు పిలుస్తారు? ఎక్కడన్నా వాయించుకుంటాను."

"ఆ పొద్దు మీరు తలెత్తి నన్ను చూసుంటే చాలు. మాట కూడా అక్కరలేకపోయె."

"భయపడినాను."

"పిరికోళ్లు మీరు."

"అవును" అన్నాడు సుబ్బరాయప్ప.

ఎల్లప్పన్ అన్నం పెట్టాడు. తిన్నాక రంగరాజు హార్మోనియాన్ని కాలితో ఆయన ముందుకు జరిపాడు. పెద్దాయన దానికి దండం పెట్టి వాయించాడు. మెట్ల మీద వేళ్లు ఎక్కడా తప్పలేదు. ఆ మనిషిని చిన్నచూపు చూడడం తేలికగానే ఉంది. ఆ వేళ్లను అట్లా చూడడం రంగరాజు వల్ల కాలేదు.

"రేపు అరూరులో పెళ్లి. పొద్దున బస్సుకు వచ్చేయండి" అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.