ఖాళీదని నేను చెప్పిన ఫిరంగి గుండు

మావారు పోయింది ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు. ఆ తరవాత నాలుగు నెలలు నాకు ఏడుపు రాలేదు. ఆకలి కూడా సరిగా తెలిసేది కాదు. గడియారం చూసి తినేదాన్ని, గడియారం చూసి పడుకునేదాన్ని. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని కనుక వేళలు తప్పలేదు. అది చూసి చుట్టాలు ధైర్యం అనుకున్నారు. కాలు తిమ్మిరెక్కినప్పుడు నేల మీద ఆనిందో లేదో తెలియదే, ఒళ్ళంతా అలా ఉండేది, అంతే.

ఆటోనగర్‌లో ఆయనకు ఇనుము చెక్కే లేత్ మిషన్ల షెడ్డు ఉండేది. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. చేతిలో పనితనం ఆయనది, కాగితం మీద లెక్క నాది. ఏ గేరు చక్రానికి ఎన్ని పళ్ళు, ఏ కడ్డీ ఎంత బరువు తూగుతుంది అన్నీ నన్నే అడిగేవారు. నేను చెప్పిన అంకెను మళ్ళీ సరిచూడడం ఆయనకు అలవాటు లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన దగ్గర లేత్ పనికి చేరిన టర్నరు ఇప్పుడు షెడ్డు నడుపుతున్నాడు. అతనికి యాభై నిండాయి. ఆయన్ని గురువుగారు అంటాడు, నన్ను అమ్మగారూ అంటాడు.

షెడ్డు గుమ్మం పక్కన పాతకాలపు ఫిరంగి గుండు ఒకటి నిలబడి ఉండేది. గుండు అంటే బంతి కాదు. అడుగు చదునుగా, పైన మొన తేలి, నిలబెడితే మోకాలి దాకా వచ్చే పోత ఇనుప దిమ్మె. పక్కల రెండు వరసల్లో రాగి బొడిపెలు, మొన మీద ఇత్తడి బిరడా. ఓడరేవులో పూడిక తీసినప్పుడు బురదలో వచ్చిందని పాత ఇనుము అమ్మేవాడు చెప్పాడట. 1998 ఆగస్టులో మావారు దాన్ని రిక్షాలో వేసుకుని తెచ్చారు. రేకు వంచడానికి ఆ ఒంపు బాగుంటుందని ఆయన ఆలోచన.

"లోపల ఏటైనా ఉంటాదేటి? నువ్వొకపాలి లెక్క కట్టి సెప్పు," అన్నారు.

కట్టాను. కాటా మీద ఇరవై తొమ్మిది కిలోలు తూగింది. అంచుదాకా నీళ్ళు నింపిన డ్రమ్ములో దించితే ఆరున్నర లీటర్లు పొర్లాయి. అంత పోత ఇనుము గట్టిగా ఉంటే నలభై ఏడు కిలోలకు కాస్త తక్కువగా తూగాలి. పద్దెనిమిది కిలోల దాకా లోటు. అంటే లోపల రెండున్నర లీటర్ల బోలు ఉంది.

"ఖాళీదే," అన్నాను.

"నువ్వన్నావు కదా, మరింకేటి," అని ఆయన సుత్తి అందుకున్నారు.

తరవాత ఎన్ని రేకులు దాని మీద వంచారో నా దగ్గర లెక్క లేదు. లేని లెక్క ఊహించి రాయను. దసరాలు మాత్రం చెప్పగలను. 1998 నుంచి 2024 దాకా ఇరవై ఏడు, మధ్యలో కరోనా ఏడాది షెడ్డు తియ్యలేదు కనుక ఇరవై ఆరు. ప్రతి ఆయుధపూజకూ లేత్‌లను తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, చివర గుండు దగ్గరికి వచ్చేదాన్ని. ఇత్తడి బిరడాను చింతపండుతో తోమేదాన్ని. షెడ్డంతటిలో తళతళలాడేది అదొక్కటే కనుక దాని మీదే తమలపాకు పరిచి కర్పూరం వెలిగించేదాన్ని. టర్నరు ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. హారతి కళ్ళకద్దుకోడు గానీ కొబ్బరిచిప్ప మాత్రం వదిలేవాడు కాదు. "పెసాదానికి మతం లేదమ్మగారూ," అనేవాడు.

జూన్ పదహారు, సోమవారం, అతను గాజువాకలో మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

"అమ్మగారూ, గురువుగారి గురుతుగా ఆ గుండుని షెడ్డు ముందర దిమ్మ కట్టి నిలబెడదారనుకుంటన్నాను. అడుగున కన్నం తీసి బోల్టు బిగిత్తే కదలదు. కింద ఆయన పేరు సెక్కించుతాను. గుండు ఏ కాలందో కూడా రాత్తే బాగుంటాది. మీరైతే కచ్చితంగా సెప్తారని వొచ్చినాను."

"ఎప్పుడు చేస్తావు?"

"గురువారం పని తక్కువ. ఆవేళ కన్నం తీసేత్తాను. కాలం సంగతి మెల్లిగా సూడండి, తొందర లేదు."

నాకూ ఒక పని దొరికింది. మర్నాటి నుంచి మేనకోడలు ఇచ్చిన ట్యాబులో పాత ఫిరంగి పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషువాళ్ళు తమ సిపాయిల కోసం రాసుకున్న పుస్తకాలు, పుటలు ఫొటోలు తీసి పెట్టినవి. రెండు వరసల బొడిపెలు ఏ తరహా ఫిరంగివో పోల్చుకుంటే కాలం తెలుస్తుందని నా లెక్క.

చదువుతూ ఉంటే ఆ పుస్తకాల్లో నాకు కనిపించింది యుద్ధం కాదు, జాగ్రత్త. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బోలు గుండులోకి తుపాకి మందు ఊరికే పోసి బిరడా కొట్టేవారు. పోత ఇనుము లోపల గరుకుగా ఉంటుంది. ఫిరంగి పేల్చిన కుదుపుకు మందు ఆ గరుకు మీద రాసుకుని, గుండు గొట్టంలోనే పేలి, పేల్చినవాళ్ళే పోయేవారు. సీసం గుళ్ళు కలిపి నింపే రకంలో ఇంకా ఘోరం. గుళ్ళ మధ్య మందు నలిగి అంటుకునేది. ఎవరో ఆలోచించి గుళ్ళకూ మందుకూ మధ్య ఇనుప బిళ్ళ అడ్డం పెట్టారు. తరవాత గుండు లోపలంతా లక్కపూత పూసి నున్నన చేశారు. ఆపైన మందును గుడ్డసంచిలో పోసి దించారు. అంటించే ఫ్యూజును ముందే బిగించకుండా విడిగా పెట్టెలో ఉంచి, అందాకా ఆ కన్నానికి తోలు వాషరు వేసి ఇత్తడి బిరడా బిగించారు. తుపాకి మందు నిలవచేసే కొట్లో ఇనుప మేకుల చెప్పులు కూడదు. ఇనుప సుత్తి కూడదు, రాగిదో కొయ్యదో వాడాలి. ఒక్కొక్క నియమం వెనక ఎవరో ఒకరు పోయి ఉంటారు. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు, నియమాలే ఉన్నాయి.

గురువారం, జూన్ పంతొమ్మిది, పదీ నలభైకి ఒక వాక్యం దగ్గర ఆగాను. గుండ్లను కార్ఖానాలోనే మందు నింపి, బిరడా బిగించి, అలాగే ఏళ్ళ తరబడి కొట్లో నిలవ ఉంచేవారని ఉంది. బిరడా ఉందంటే ఖాళీది అని కాదు. నింపినది అని కూడా కావచ్చు.

కాగితం తీసుకుని పాత లెక్క మళ్ళీ వేశాను. నా అంకెలు నాకు కంఠతా. తుపాకి మందు బరువు దాదాపు నీటి బరువే. లోపల ఖాళీ అనుకుంటే బోలు రెండున్నర లీటర్లు. మందు ఉందనుకుంటే బోలు మూడు లీటర్లకు కాస్త తక్కువ, గోడ కాస్త పలచన. రెండు విధాలా మొత్తం ఇరవై తొమ్మిది కిలోలే. గోడ మందం నాకు తెలియదు. తెలియనివి మూడు, నా దగ్గరున్న సమీకరణాలు రెండు. పదో తరగతి పిల్ల ఇలా రాసి ఉంటే సున్నా వేసేదాన్ని. లోపల ఇనుము లేదని మాత్రమే ఆ లెక్క చెప్పింది. ఏమీ లేదని చెప్పింది నేను.

టర్నరుకు ఫోను చేశాను. ఎత్తలేదు. పనిలో ఉంటే అతని ఫోను చొక్కాతోపాటు మేకుకు వేలాడుతుంది. నాలుగుసార్లు చేసి, చెప్పులేసుకుని, ఆటో పిలిచాను.

నాకు భయం వేయలేదు. వేయాలని తెలుస్తూనే ఉంది. ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడు, పోత ఇనుములో డ్రిల్లు నిమిషానికి ఎంత దిగుతుందో, అతను ఎన్నింటికి మొదలుపెట్టి ఉంటాడో కూడబోయాను. సగంలో మానేశాను. ఆ గుండు విషయంలో నా లెక్క ఒకసారికి చాలు.

షెడ్డుకు చేరేసరికి పదకొండూ ఐదు. గుండును అడ్డంగా పడుకోబెట్టి, గొలుసుతో బిగించి, అడుగు భాగంలోకి కరెంటు చేతి డ్రిల్లుతో కన్నం తీస్తున్నాడు. కింద నల్లటి ఇనుప పొడి కుప్పపడి ఉంది. డ్రిల్లు చప్పుడులో నేను పిలిచింది అతనికి వినబడలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాను.

పక్క షెడ్డు వెల్డరు గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. "బావా, నీకు హెడ్మాస్టరమ్మ బెల్లు కొట్టేసినారు. ఇంటికి పోదావా?" అని నవ్వాడు.

టర్నరు డ్రిల్లు పట్టుకునే వెనక్కి తిరిగాడు. "అమ్మగారూ, మీరెందుకొచ్చినారు ఇంత ఎండలో? కబురెడితే నానే వొద్దును కదా."

"డ్రిల్లు కింద పెట్టు. బయటికి నడవండి, ఇద్దరూ."

"ఏటయింది?"

"దాంట్లో మందు ఉండొచ్చు."

అతను నవ్వాడు. వయసు మీద పడ్డవాళ్ళ మాటకు నవ్వే నవ్వు అది. "ఊరుకోండమ్మగారూ. గురువుగారు దీన్నెత్తిమీద ఎన్ని దెబ్బలు కొట్టినారు! పేలీదైతే అప్పుడే పేలిపోయుండును. ఖాళీదని లెక్క కట్టింది మీరే కదా. మా ఆవిడ లెక్కంటే లెక్కే అని ఆయన ఊరందరికీ సెప్పుకునీవోరు."

"నేనే కట్టాను. తప్పు కట్టాను."

నా నోట ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. నవ్వు ఆగిపోయింది. గుండు వైపు చూశాడు, కన్నం వైపు చూశాడు. డ్రిల్లును పసిబిడ్డను దించినట్టు నేలమీద పెట్టాడు.

వెల్డరు టీ గ్లాసు పట్టుకునే రోడ్డు అవతలికి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి, "బావా, నా గ్యాసు సిలిండర్లు లోపలున్నాయిరో!" అని అరిచాడు.

"నువ్వు బయటున్నావు కదా, సాల్లే!" అన్నాడు టర్నరు.

పోలీసులకు ఫోను చేసింది నేనే. షెడ్డు నంబరు, గుండు పొడవు, చుట్టుకొలత, బరువు చెప్పాను. అవతలి మనిషి, "అమ్మా, మీరు మెల్లిగా చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు బాంబులు తీసేవాళ్ళు వచ్చారు. ఆ వరసలో పధ్నాలుగు షెడ్లు ఖాళీ చేయించారు. ఇసుక బస్తాల మధ్య గుండును పెట్టి, మెత్తలు వేసి, లారీలోకి ఎక్కించారు. వాళ్ళలో పెద్దాయన పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నాడని గమనించాను. ఇనుప పనిముట్టు ఏదీ దాని దగ్గరికి రానివ్వలేదు.

మేము రోడ్డు అవతల సిమెంటు అరుగు మీద కూర్చున్నాం. టర్నరు చేతులకు ఇంకా ఇనుప పొడి ఉంది. వాటిని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"గురువుగారికి తెలుసునా?"

"తెలియదు. తెలిస్తే నిన్ను దాని పక్కన నిలబడనిచ్చేవారా?"

లారీ కదిలేదాకా అటే చూశాడు. తరవాత అన్నాడు, "మీ మాట మీదే కొట్టినారు ఆయన. నానూ అంతే. కన్నానికి ముందర ఒక్కపాలి ఆలోసించలేదు."

"అవును," అన్నాను. క్షమించమని అడగడానికి కూడా కాస్త స్పర్శ ఉండాలి. అది నాలో లేదు. చెమట పట్టిన చీర వీపుకు అంటుకోవడం ఒక్కటే తెలిసింది.

ఇరవై మూడు, సోమవారం, సాయంత్రం నాలుగు గంటలకు ఆ పెద్దాయన ఫోను చేశాడు. ఊరికి దూరంగా గొయ్యి తీసి, దూరం నుంచే బిరడా విప్పి లోపల చూసి, తరవాత దాన్ని పేల్చేశారట.

"లోపల మందు ఉందాండీ?" అన్నాను.

"ఉందమ్మా."

"తడిసిందా?"

"లేదమ్మా. పొడిగానే ఉంది. బిరడా బాగా పట్టేసింది, లోపల పూత కూడా పాడవలేదు. మీవాడు ఇంకో వేలు మందం దించి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు."

ఫోను పెట్టేసి కూర్చున్నాను. మోసేవాడి చేతిలో పేలకూడదని ఎవరో లక్కపూత పూశారు, ఎవరో తోలు వాషరు వేశారు. ఆ మోసేవాడు పోయి నూరేళ్ళు దాటింది. ఆ జాగ్రత్తలే సముద్రపు బురదలో మందుకు తడి తగలకుండా కాపాడి, దాన్ని మా గుమ్మం దాకా తెచ్చాయి. మావారి సుత్తి దెబ్బలకు లోపల మందు రాసుకోకుండా ఆపినవీ అవే. వాళ్ళు చేసింది తప్పని అనలేను. తమ తరవాత దాన్ని ఎవరు తాకుతారో వాళ్ళ లెక్కలో లేదు. నా లెక్కలోనూ లేదు.

జూలై మూడున టర్నరు ఫోను చేసి, చేపల బోటులో వల లాగే వించికి కొత్త గేరు చక్రం చేయాలి, ఎన్ని పళ్ళో చెప్పమన్నాడు. మావారు పోయాక కూడా ఆ లెక్కలు నేనే చెబుతున్నాను. ఈసారి ఫోనులో చెప్పలేదు. కాగితం పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. అప్పటికే అతని చేతిలో ఇంకో కాగితం ఉంది. పెన్సిలుతో కొట్టివేతలు, మళ్ళీ కట్టిన అంకెలు.

"ఏటీ అనుకోకండమ్మగారూ. నానూ కట్టుకున్నాను. మీది నలభై రెండా?"

"నలభై రెండు."

"నాకూ అదే వొచ్చింది."

"ఎలా కట్టావు, చూపించు."

చూపించాడు. నాది కాని దారిలో, పళ్ళు అరిగిపోయిన పాత గేరు మీద దారం చుట్టి కొలిచి, పొడవుగా, వంకరగా కట్టాడు. తప్పు లేదు.

"ఇకమీదట ఇలాగే కట్టుకుంటాను," అన్నాడు, నా ముఖం వైపు చూడకుండా.

"కట్టుకో. రెండూ కలవకపోతే పని మొదలుపెట్టకు. నాదే తప్పు కావచ్చు."

తల ఊపాడు. మిషను వేసే ముందు, గేరు చెక్కాల్సిన ఇనుప ముక్కను ఇంకోసారి కొలిచాడు. వెల్డరు అటుగా పోతూ, "ఏటి బావా, కొలిసిందే కొలుత్తన్నావు?" అన్నాడు. టర్నరు కొలబద్ద మళ్ళీ అందుకున్నాడు. నేను పక్కకు జరిగి నిలబడ్డాను. అతను మూడోసారి కూడా కొలిచి, అప్పుడు స్విచ్ వేశాడు.