సున్నా అని రాసుకున్న బోరు

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. కళ్యాణదుర్గం కరెంటు ఆఫీసులో ఒక కంప్యూటర్, దాని ముందు నేను. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు అన్నిటినీ అంకెలుగా మార్చి అందులోకి ఎక్కించి, ఎక్కడెంత కరెంటు వృథా అవుతోందో, మోటార్లన్నీ ఒకేసారి లేస్తే లైను తట్టుకుంటుందో లేదో చెప్పడం నా పని. సిస్టం నిలకడ గురించి పేజీలకు పేజీలు రాసేవాణ్ణి. మూడేళ్లలో నాలుగు అద్దె గదులు మారినవాణ్ణి. ఆఫీసులో నన్ను పలకరించేది కంప్యూటరొక్కటే, అదీ నేను తప్పు కొట్టినప్పుడు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక గుణముంది. ఎవరూ వాడుకోకపోయినా, లైనులో కరెంటు ఉన్నంతసేపూ దాని లోపలి ఇనుము కొంత తింటూనే ఉంటుంది. పనిలేని ఆదివారం కూడా మూడు పూటలా మెస్సుకు పోయే నాకు దాన్ని తప్పుపట్టే అర్హత లేదు. అయినా పట్టాను. ఒక లైను చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఐదు బోర్లూ ఎండిపోయాయనీ, దాన్ని పక్క ఊరికి మారిస్తే నష్టం తగ్గి, అక్కడ లోడు ఎక్కువై మోటార్లు కాలిపోవడం ఆగుతుందనీ తేల్చాను. రిపోర్టు పంపే ముందు ఇంకోసారి చూసొద్దామని బస్సెక్కాను. నిజానికి ఆ రోజు గదిలో ఉండబుద్ధి కాలేదు.

ఎండిన చేలు దాటాక నలభై చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, పచ్చగా కనిపించాయి. స్టార్టర్ పెట్టె పక్కన ఒకామె కూర్చుని ఉంది.

"ఈ చెట్లకు నీళ్లు యాడివక్కా?"

"బోరువే. గంటకు పది నిమిషాలు పోస్తాది. మళ్లా ఊరేదాకా కూచోవల్ల."

"పోయిన నెల నేనొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ కాడ మీటరు పెట్టి చూసినా. ఏం కరెంటు లాగలేదే?"

"చూసినాలే నిన్ను. తీగెకు ఏందో తగిలించి, నన్ను పలకరీకుండానే పోతివి. అడిగింటే చెప్పనా?"

ఆమె నీళ్లు ఊరడానికి ఆగిన సమయంలో నేనొచ్చి పోయాను.

"మీ కంప్యూటర్లో నా బోరు ఉండాదా?"

"ఉండాది. సున్నా అని."

"ఏమప్పా, పది నిమిషాలు సున్నా ఎట్లయితాది?"

మిగతా నాలుగు బోర్లవాళ్లూ బెంగళూరుకు కూలికి పోయారట. ఆమె పచ్చ బటను నొక్కింది. స్టార్టర్ మీది ఓల్టేజి ముల్లు కిందికి పడి, వణికి, లేచింది. నీళ్లు దగ్గుతూ వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ తీసేస్తే ఈ చెట్లు ఒక నెల కూడా బతకవు.

తిరిగొచ్చి ఆ పది నిమిషాలూ లెక్కలో వేశాను. కంప్యూటర్ మనసు మారలేదు, నష్టం నష్టమే. ఆ అంకెను దిద్దకుండా, దాని కింద చేత్తో రాశాను: 'చివరి బోరు పనిచేస్తోంది. నలభై చెట్లున్నాయి.'

"ఇంత ఇనుము ఒక్క మనిషికా?" అన్నారు పెద్ద ఇంజనీరు.

"ఒక్కరే సార్."

ఆయన నా చేతిరాత కిందే 'ఈ ఎండాకాలం వరకు ఉంచవచ్చు' అని రాశారు. పక్క ఊరికి ఇంకొకటి దొరికేదాకా అక్కడి మోటార్ల ఉసురు నాకే తగులుతుంది.

చెప్పడానికి మళ్లీ వెళ్లాను.

"ఈ ఎండాకాలం దాకేనా?" అంది. "సాల్లే. ఆపైన సంగతి బోరు చెప్తాది. నిలబడినావేం, కూచో. నీళ్లకు ఇంగా అరగంట పడ్తాది."

కూర్చున్నాను.