చల్లారిన చురక

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, మా తమ్ముడు పుట్టిన నెలకే పొద్దుగూకే వేళ ఏడుపు మొదలుపెట్టేవాడు. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడిస్తే, వీధి వీధంతా ఆడే సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడును మించి వాడి గొంతే వినిపించేది.

నాయనమ్మ వాము నీళ్లు పట్టింది. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. బొడ్డు చుట్టూ ఇంగువ పూసింది. ఏదీ పారకపోయేసరికి ఇక చురకలే అంది. అంటే పసుపుకొమ్ము కాల్చి పసివాడి పొట్టకు అంటించడం. మా వైపు అప్పట్లో అదే ఆఖరి వైద్యం. మా అవ్వ కన్నతల్లే అయినా అత్తను కాదనే ధైర్యం లేకపోయింది. బాపు కన్నతండ్రే అయినా సాంచె ఆపలేదు. నేను మాత్రం అడ్డం తిరిగాను. నా బొడ్డు చుట్టూ అవే మచ్చలు మూడున్నాయి మరి.

“పెద్దోళ్ల నడుమ నీకేం పని పోరీ, నోర్ముయ్” అని నాయనమ్మ రెక్క పట్టి పక్కకు లాగింది.

చురకలు పెట్టేది మా వాడకట్టు మంత్రసాని. నాకు పెట్టిందీ ఆమే. ఇంటివాళ్లు చూస్తే చురక పారదని అందరినీ బయటికి పంపి తలుపు మూసింది. నేను నూలు మూటల వెనక నక్కాను.

దీపం మీద పసుపుకొమ్ము కొస ఎర్రబడింది. మంత్రసాని మా తమ్ముడి పొట్ట మీది గుడ్డ తీసింది. నేను ఒక్క దూకు దూకి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విదిలించుకోలేదు. రెండో చేత్తో కొమ్మును తీసి నీళ్ల చెంబులో ముంచింది. చల్లారిన మసిని వేలితో తీసి పొట్ట మీద మూడు చుక్కలు పెట్టింది. తర్వాత వాణ్ని ముంజేతి మీద బోర్లా వేసుకుని, వీపు నిమురుతూ గదంతా తిరిగింది. కొంతసేపటికి వాడికి గాలి పోయింది, ఏడుపు ఆగింది.

ఇప్పుడే పోయి అందరికీ చెప్తానన్నాను. ఆమె నా గౌను పైకెత్తి మచ్చలు చూసింది.

“నీకు పెట్టినంక పుండయింది బిడ్డా. గప్పటికెల్లి ఎవ్వలికీ కాల్వలే. నువ్వు చెప్తే మీ నాయనమ్మ ఇంకొకామె కాడికి తీస్కపోతది. గామె నిజంగనే కాలుస్తది.”

మూడు రోజులు పిల్లవాడికి నీళ్లు పోయొద్దని చెప్పి ఆమె తలుపు తీసింది. నాయనమ్మ చుక్కలు చూసి ఆమెకు దండం పెట్టి, నా వైపు తిరిగింది. “చూసినవా? ఊకె మొత్తుకుంటివి.” మాట పళ్ల దాకా వచ్చింది. మింగాను. నాలుగో రోజు మచ్చ పడలేదేమని నాయనమ్మ ఆశ్చర్యపోతే, మంత్రసాని హస్తవాసి అలాంటిదని నేనే చెప్పాను.

తర్వాత కాలేజీలో చదివాను. డాక్టర్లతో, ఆఫీసర్లతో, కట్టుకున్నవాడితో వాదించి గెలిచాను. ఇప్పుడు మనవరాలు సాయంత్రాలు ఏడిస్తే కోడలు మందు సీసా వెతుకుతుంది, నేను ముంజేయి చాపుతాను. ఆనాటి సంగతి మాత్రం నాయనమ్మ పోయేదాకా చెప్పలేదు. ఈ నోరు మూసుకుని నేను చేసిన మేలు అదొక్కటే.