పరుపు మీంచి లేవడం

వన్ టౌన్‌లో మాది నేత చీరల హోల్‌సేల్ కొట్టు. కుర్చీలుండవు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకునే నేనూ, కొనడానికి వచ్చినవాళ్ళూ బేరమాడుకుంటాం. యాభై ఆరో ఏట నా మోకాళ్ళు మొరాయించాయి. లేవాలంటే బీరువా పట్టుకోవాల్సి వచ్చేది. ఎత్తు బల్ల చేయిద్దాం, కుర్చీలో కూర్చోండని మా ఆవిడ అంది. నాకు ఒళ్ళు మండింది. పరుపు దిగితే నా కొట్టుకు నేనే చుట్టాన్నయిపోతానని భయం కూడా వేసింది.

గవర్నర్‌పేటలో ఒక ఫిజియోథెరపిస్టును కలిశాను. మా అమ్మాయి వయసుంటుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమంది. వారానికి మూడు రోజులు చాలట, రెండు వారాలకోసారి కూర్చునే ఎత్తు కాస్త తగ్గించాలట. దీన్ని వ్యాయామం అనడానికి నాకు మనసొప్పలేదు. నడకకు వచ్చే మిత్రుడు రోజూ గంట నడవక తప్పదన్నాడు. బావమరిది జిమ్ అన్నాడు. మా ఆవిడ ఫోన్‌లో వజ్రాసనం చూపించింది. ఎవరిది నిజమో తేలక అన్నీ ఒకే వారంలో చేశాను. మోకాలు బూరెలా పొంగింది.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికే వెళ్ళాను. తిట్టలేదు. వాపు తగ్గాక మొదటిదే మొదలుపెట్టమంది, పైగా కొట్లో అరగంటకోసారి లేవమంది. అక్కడే వచ్చింది చిక్కు. నాన్నగారి నాటి నుంచి మా కొట్లో యజమాని లేచాడంటే చెప్పిన ధరే ఆఖరని లెక్క. ఇరవై ఏళ్ళుగా గుడివాడ నుంచి వస్తున్న వ్యాపారి ముందు, బేరం సగంలో ఉండగా, అరగంటయిందని బీరువా పట్టుకుని లేచాను. ఆయన చేతిలో చీర కింద పెట్టి వెళ్ళిపోయారు. ఫోన్ చేసి మోకాళ్ళ సంగతి చెబితే నమ్మినట్టు లేరు. ఇక లేవాలా, కూర్చోవాలా నాకు తెలియలేదు. కొన్ని రోజులు లేచాను, కొన్ని రోజులు మానేశాను. ఇంట్లో మాత్రం పది లెక్కపెడుతూనే ఉన్నాను.

ఎనిమిది నెలలకు ఆయన మళ్ళీ వచ్చారు. చీరలు తీసుకున్నాక లేవబోయి లేవలేకపోయారు. నేను గబుక్కున లేచి రెండు చేతులూ అందించాను. ఆయన నిలబడి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, నన్నూ బీరువానూ మార్చి మార్చి చూశారు.

"ఏదీ పట్టుకోకుండా లేచారే. ఏం చేశారండీ? మావాళ్ళు కొట్లో నాకు కుర్చీ వేసేశారు."

ఆ కుర్చీ భయం నాకూ తెలుసు. కానీ ఏం చెప్పను? కుర్చీలోంచి లేవడమా, నడకా, మానేసిన రోజులా, ఏది పనిచేసిందో నాకే తెలియదు. తెలియదండీ అన్నాను. అసలు సరుకు లోపల దాచి పైపై రకాలు చూపిస్తున్నాననుకున్నారు కాబోలు, కదల్లేదు. చేసేది లేక ఆయన ఎదురుగా కూర్చుని, లేచి చూపించాను. మళ్ళీ కూర్చుని లేచాను. ఏ కాలు ముందు కదులుతోందో ఇద్దరం వంగి చూశాం, అంతుపట్టలేదు.

ఆయన చెప్పులు మళ్ళీ విడిచి, నా భుజం పట్టుకున్నారు.

"సరే, నన్ను కూర్చోబెట్టండి. ఈసారి నేనే లేస్తా."