మనిషి పట్టని తూము

దశరథరామయ్యగారితో వాదించి గెలిచినవాళ్లు మా చిల్లకల్లులో లేరు. ఆయన తర్కం అంత గట్టిదని కాదు, ఎదుటివాడు విసిగి ఇంటికి వెళ్లిపోయేదాకా చెప్పిందే చెబుతాడు కాబట్టి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. వాళ్లింటి ముందు గదిలో అద్దెకు కుట్టుమిషను పెట్టుకున్నదాన్ని, ఆ కుందేళ్లను నేను రోజూ చూస్తూనే ఉంటాను. ఆయన భార్య సుబ్బమ్మగారు ఎదురు చెప్పడం మాత్రం ఈ ఏడాది దాకా చూడలేదు. చూసిన రోజు గురించే ఇప్పుడు చెప్పబోయేది.

సుబ్బమ్మగారిది తక్కువ మాట. పొద్దున గేదెల పని, ఆ తర్వాత వంట, మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి గోడకు చేరగిలబడి జాకెట్లకు హుక్కులు కుట్టిపెట్టడం. మీకెందుకు పిన్నిగారూ ఈ శ్రమ అంటే, ఖాళీగా ఉంటే ఏవేవో గుర్తొస్తాయి, చేతికి పనుంటేనే నయం అనేది. ఆ ఏవేవో ఏమిటో ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. నాకూ మా అమ్మ చెప్పింది.

ఆవిడకు శేషగిరి అని ఒక తమ్ముడుండేవాడు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో బావగారికి సేద్యంలో సాయంగా ఇక్కడే ఉన్నాడు. అప్పట్లో మా మెట్ట ఊళ్లలో నీళ్లు లోతుకు పోయి, బావి లోపలే గోడకు గూడు కట్టి అందులో ఆయిలింజను పెట్టేవాళ్లు. ఒకరోజు ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. బావిలోకి మనిషి దిగేముందు లాంతరు దించి చూడడం ఇక్కడి ఆనవాయితీ. దీపం ఆరితే లోపలి గాలి చెడ్డది, వెలిగితే మంచిది. దశరథరామయ్యగారు లాంతరు దించాడు. నిక్షేపంగా వెలిగింది. బావమరిదిని దిగమన్నాడు. దిగిన శేషగిరి మళ్లీ ఎక్కి రాలేదు, తాళ్లు కట్టి పైకి తీశారు. ఇంజను పొగ మనిషిని చంపేంత చేరినా దీపం ఆరదని ఆ రోజుల్లో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. దీపం ఆరలేదు కాబట్టి గాలి తప్పు కాదు, వాడి ఆయుష్షే తీరిందని ఊరంతా తేల్చింది. దశరథరామయ్యగారూ అదే అన్నాడు, ఇప్పటికీ అదే అంటాడు. సుబ్బమ్మగారు అప్పుడూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

ఇక ఈ సంవత్సరం సంగతి. మా వీధిలో సిమెంటు రోడ్డు పాడైనప్పుడల్లా పాతది తవ్వరు, దానిమీదే కొత్తది పోస్తారు. అలా పోసీ పోసీ రోడ్డు ఇళ్లకన్నా ఎత్తయింది. తొలకరి వానకే నీళ్లు దశరథరామయ్యగారి దొడ్లోకి వచ్చి నిలిచాయి. గరపమట్టి తోలించి దొడ్డి మెరక చేయాలని తండ్రీ కొడుకులు నిర్ణయించుకున్నారు. కొడుకు రాంబాబు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, నెమ్మదైన మనిషి, తండ్రి గీసిన గీత దాటడు. అతని భార్య నాగశ్రీ ఆ వారం కంచికచర్లలో పుట్టింటికి వెళ్లింది.

చిక్కల్లా సెప్టిక్ ట్యాంకుతో వచ్చింది. అది ఆ దొడ్లోనే ఒక పక్కన ఉంది, పైన నాపరాయి మూత. మట్టి పోస్తే మూత దాని అడుగున పడిపోతుంది. ట్యాంకు నిండినప్పుడల్లా దొడ్డి తవ్వుకుంటూ కూర్చోవాలి. కాబట్టి మూత ఉన్నచోట గుండ్రటి సిమెంటు వర ఒకటి నిలబెట్టి, మెరకకు జానెడు పైదాకా మూతిని పెంచాలి, దానిమీద మూత పెట్టాలి. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. ఎంత వెడల్పు వర అన్నదగ్గరే దశరథరామయ్యగారు పట్టు పట్టాడు. బావికి వేసేలాంటి పెద్ద వర వెయ్యాలట. చిన్నదైతే రేపు మనిషి దిగి లోపలి గోడలు ఎలా చూసుకుంటాడట.

ఆ మాట అన్నప్పుడు సుబ్బమ్మగారు నా గదిలో హుక్కు కుడుతోంది. సూది వేలికి దిగింది. రక్తం గుడ్డకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది. నాకే ఒళ్లు మండింది. మనిషి దిగడానికి అదేమన్నా మంచినీళ్ల బావా అని అడుగుదామని లేచాను, మళ్లీ ఆయనతో ఎవడు పడతాడులే అని కూర్చున్నాను.

రాంబాబు ట్యాంకరు పిలిపించి ట్యాంకు ఖాళీ చేయించాడు. మర్నాడు ఉదయం కొలతలు. దశరథరామయ్యగారు రోడ్డు మట్టానికి దారం కట్టి, ఆ దారం నుంచి మూత దాకా ఎంతుందో కొలిపించాడు. రెండడుగులకు కాస్త ఎక్కువే వచ్చింది. ఇక మూత కింది కంత వెడల్పు చూడాలి. నాపరాయి పక్కకు జరిపారు. కంపు ఇంటినిండా కొట్టేసరికి నేను మిషను ఆపి దొడ్లోకి వచ్చాను. కంత రెండడుగులే కనిపిస్తోంది గాని దాని అంచు కింద విరిగిపోయి ఉంది. ఎంత విరిగిందో చూద్దామని రాంబాబు బోర్లా పడుకుని టేపుతో చెయ్యి లోపలికి పెట్టాడు. చొక్కా జేబులో ఫోను జారి లోపల పడింది.

మన మగవాళ్లకు ఫోను పెట్టుకోవడానికి చొక్కా జేబు తప్ప ఇంకో చోటు దొరకదు. వంగిన ప్రతిసారీ చేత్తో పట్టుకుంటారు, పట్టుకోని ఆ ఒక్కసారే పడుతుంది. అడుగున మిగిలిన బురదమీద వెల్లకిలా పడి, ఇంకా వెలుగుతూ కనిపిస్తోంది. ఆ బురద చూస్తే మోకాలిలోతు కూడా లేదు. రాంబాబు లుంగీ ఎగ్గట్టి నిచ్చెన తెచ్చి దించాడు.

దిగొద్దన్నయ్యా, కర్రకు గరిటె కట్టి తీద్దాం అన్నాను. ట్యాంకుల్లో దిగి పోయినవాళ్ల సంగతులు టీవీలో చూడడంలేదా అన్నాను. ఖాళీ చేయించాంగా, ఇంకేముంటుంది అన్నాడు. గోడకు చెప్పుకున్నా ఒకటే. అప్పుడు దశరథరామయ్యగారు కొడుకును ఆగమన్నాడు. హమ్మయ్య, పెద్దాయనకు బుద్ధి వచ్చింది అనుకున్నాను. ఆయన ఇంట్లోకి వెళ్లి లాంతరు తెచ్చాడు.

"అగ్గి పెట్టకండి బాబాయిగారూ. గ్యాసుంటే అంటుకుంటది" అన్నాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ బావుల్లో మనుషుల్ని దింపిస్తున్నానమ్మాయ్, నాకు చెప్పమాక" అన్నాడు.

లాంతరుకు తాడు కట్టి వదిలాడు. రాంబాబును చెయ్యి పట్టి వెనక్కి లాగాను. లాంతరు చిన్నగా ఊగుతూ కిందికి వెళ్లింది. అంటుకోలేదు, మా అదృష్టం. ఆరలేదు కూడా. బురదకు జానెడు పైన నిలబడి ప్రశాంతంగా వెలుగుతోంది. దశరథరామయ్యగారు తాడును నిచ్చెనకు ముడివేసి, ఇక దిగమని కొడుకుకు చెయ్యి ఊపాడు. రాంబాబు నా చెయ్యి విడిపించుకున్నాడు. నిచ్చెన మొదటి మెట్టుమీద కాలు పెట్టాడు.

గేదెల దగ్గర నుంచి సుబ్బమ్మగారు ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. చేతులకు చిట్టు అంటుకుని ఉంది. కొడుకును భుజంతో పక్కకు నెట్టి, కంత అంచుమీద కూర్చుని, రెండు కాళ్లూ లోపలికి వేలాడేసింది. నిచ్చెనను రెండు చేతులా పట్టుకుంది.

"ఏంటే ఇది, లెగు" అన్నాడు దశరథరామయ్యగారు.

"దీపం వెలుగుతుందిగా. నేను దిగి తెస్తా. మీరు తాడు పట్టుకోండి."

"పిచ్చేమన్నా పట్టిందా నీకు?"

"వాణ్ణి దిగమంటే పిచ్చి కాదుగా."

రాంబాబు తల్లి చంకల్లో చేతులు వేసి లేపబోయాడు. ఆవిడ నిచ్చెన వదల్లేదు. గట్టిగా లాగితే నిచ్చెనతో సహా ఆవిడే లోపలికి జారేలా ఉంది, అందుకని అతను వదిలేశాడు. ఆ వయసు మనిషి, అంచు చూస్తే విరిగి ఉంది, కింద అంత లోతు. దశరథరామయ్యగారు రెండుసార్లు లెమ్మని అరిచాడు. మూడోసారి అరవడానికి నోరు తెరిచేలోగా ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"మా శేషగిరప్పుడు కూడా దీపం ఆర్లేదండీ" అంది.

గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆ పేరు ఆయన ముందు ఎత్తడం అదే మొదటిసారని తర్వాత రాంబాబు చెప్పాడు. దశరథరామయ్యగారు ఏదో అనబోయాడు, ఆయుష్షు మాటే అయి ఉంటుంది, సగంలో ఆపేశాడు. లోపల ఫోను మోగడం మొదలుపెట్టింది. మోగి మోగి ఆగింది.

అప్పుడు సుబ్బమ్మగారి తల ముందుకు వాలింది. నిచ్చెన పట్టుకున్న వేళ్లు సడలడం నేను చూశాను. నేను ఒక రెక్క, రాంబాబు ఒక రెక్క పట్టి వెనక్కి ఈడ్చేశాం. మునగచెట్టు దాకా మోసుకువెళ్లి పడుకోబెడితే వాంతి చేసుకుంది. తల పగిలిపోతోంది అంది. లోపలికి దిగలేదు, తల కూడా పెట్టలేదు, ఆ కంతమీద కాసేపు కూర్చున్నందుకే అంత. రాంబాబు తల్లి తల ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

నేను నీళ్లకోసం లేచి అటు చూశాను. దశరథరామయ్యగారు తాడు లాగి లాంతరు పైకి తీశాడు. అది ఇంకా వెలుగుతూనే ఉంది. ఆయన దాన్ని కళ్ల ఎదురుగా ఎత్తి పట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఆయన మీద నాకున్న కోపం ఆ క్షణాన ఏమైపోయిందో తెలియదు, జాలి వేసింది. తర్వాత ఫోనును అలాగే వదిలేసి, ఆయన ఒక్కడే నాపరాయిని ఈడ్చి కంత మూసేశాడు.

సుబ్బమ్మగారిని జగ్గయ్యపేట ఆస్పత్రికి తీసుకువెళ్లాం. సాయంత్రం దాకా ఉంచుకుని, పరవాలేదని పంపించారు. మట్టి తోలే ట్రాక్టర్లను రెండు రోజులు ఆగమన్నారు. దశరథరామయ్యగారు భోజనానికి పిలిస్తే వచ్చి తిని లేచిపోయేవాడు, ఉప్పు గురించి కూడా ఏమీ అనకుండా. ఆయన అలా ఊరుకుంటే ఇల్లు మరీ భయంగా అనిపించింది. ఏ క్షణాన పాత పాట మొదలుపెడతాడో, పెడితే ఆవిడ ఈసారి ఏం చేస్తుందో అని నాకు గుబులు.

వర కొనడానికి వాళ్లు నందిగామ బయల్దేరితే, లైనింగు గుడ్డలు కొనుక్కోవాలని నేనూ ట్రాలీ ఆటో ఎక్కాను. ఎవరూ రమ్మనకుండానే సుబ్బమ్మగారు వచ్చి నా పక్కన కూర్చుంది. వరలు, తూములు పోతపోసే ఆ యార్డు భవానీప్రసాద్ అనే అతనిది, హుషారైన మనిషి. కంత కొలత విని, రెండడుగుల వర చూపించాడు. అచ్చంగా సరిపోతుంది, రేపు ఏదైనా పనిపడితే మనిషి సుఖంగా దిగుతాడు అన్నాడు పాపం, మా సంగతి తెలియక. రాంబాబు నేలచూపులు చూశాడు. దశరథరామయ్యగారు వర అంచును చేత్తో తడుముతూ ఉండిపోయాడు.

"మనిషి దిగేది లేదు బాబూ. ట్యాంకరు గొట్టం పడితే చాలు. మనిషి పట్టకూడదు" అంది సుబ్బమ్మగారు.

భవానీప్రసాద్ కాస్త తికమకపడి, తూములున్న వైపు తీసుకువెళ్లాడు. సన్న తూము అయితే పని పెరుగుతుందని చెప్పాడు. కంతమీద ముందు సిమెంటు బిళ్ల పరవాలి, దాని మధ్య కన్నంమీద తూము నిలబెట్టాలి, చుట్టూ గట్టిగా పూడ్చాలి. ఆవిడ ఊకొట్టింది. నా సంచిలోంచి టేపు తీసి ఇమ్మంది. కొడుకును తన ముందు నిలబెట్టి, చేతులు ఒంటికి ఆనించి ఉంచమని, ఒక చెయ్యి అంచు నుంచి రెండో చెయ్యి అంచుకు టేపు పట్టింది. చొక్కాకు అలా కొలవరు, భుజం నుంచి భుజానికే కొలుస్తాం. చేతులతో కలిపి ఎందుకు కొలుస్తోందో నాకు అర్థమయ్యేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై అంగుళాల దగ్గరికి వచ్చింది.

"అయితే ఈ పద్దెనిమిదిది తీసుకోండమ్మా. ఇందులో మీ అబ్బాయి ఎట్టాగూ పట్టడు" అన్నాడు భవానీప్రసాద్.

ఆవిడ ఆ తూములోకి వంగి చూసింది. తల అడ్డంగా ఊపింది. టేపు భుజాన వేసుకుని, రెండు అరచేతులూ ఎదురెదురుగా గాలిలో పట్టింది. మధ్యలో కాస్త ఖాళీ.

"ఇంకా సన్నది కావాలి. మా తమ్ముడు ఇంతే ఉండేవాడు" అంది.

భవానీప్రసాద్‌కు అర్థం కాలేదు. రాంబాబు ముఖం తిప్పుకున్నాడు. నేను దశరథరామయ్యగారి వైపే చూస్తున్నాను, ఇప్పుడేమంటాడో అని. పోయినవాడికి కొలతేమిటని అంటే, ఆవిడ ఇక ఆ ఇంటికి తిరిగి రాదనిపించింది నాకు. ఆయన నడిచి వచ్చాడు. భార్య భుజంమీది టేపు తీసుకున్నాడు. ఒక కొస ఆవిడ ఎడమ అరచేతికి ఆనించి, రెండో కొస కుడి అరచేతి దాకా లాగాడు. టేపు జారింది. మళ్లీ పట్టాడు.

"పదిహేను" అన్నాడు. భవానీప్రసాద్ వైపు తిరిగాడు. "పన్నెండంగుళాల తూము తియ్యి బాబూ. లోపలి కొలతే పన్నెండుండాలి."

ఆయన టేపు చుట్టి నాకు ఇచ్చేదాకా సుబ్బమ్మగారు చేతులు దించలేదు.