కుడివైపు బటన్

నేను కాకినాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో స్క్రీన్లు డిజైన్ చేస్తాను. డైలాగ్ బాక్సులో ఏ బటన్ ఎక్కడుండాలన్న దానిమీద మా ఆఫీసులో కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. అలవాటుగా వేలు పడే చోట 'తొలగించు' పెట్టకండిరా బాబూ అని నేను గొంతు చించుకుంటాను. "యూజర్లు చదువుకుంటారు లెండి మేడమ్" అంటారు కోడ్ రాసే కుర్రాళ్లు. చదువుకుంటారట! మా అమ్మకు చదువు రాదు.

మాది ఉప్పాడ. నాన్న చేపల వేటకెళ్లి తిరిగొస్తూ, సిగ్నల్ తగలగానే అమ్మకు వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. "ఏమే, వంజరం పడింది. ఐసు చెప్పెయ్." "ఇవాళేం లేదే. ఊరికే రా ఒడ్డుకి." అంతే, ప్రేమ కబుర్లేం కావు. పోయిన వానాకాలం ఒడ్డు దగ్గరే పడవ బోల్తా పడింది. నాన్న శవం దొరికింది, ఆయన ఫోన్ దొరకలేదు. ఆయన గొంతు అమ్మ ఫోన్‌లో మాత్రమే మిగిలింది. రోజూ చేపల బుట్ట నెత్తికెత్తుకునే ముందు అమ్మ ఏదో ఒక మెసేజ్ వినేది. విని, "వస్తన్నా" అని జవాబు కూడా చెప్పేది. కాపీ తీసి పెడతానంటే ఫోన్ నా చేతికిచ్చేది కాదు, ఏమైనా అయిపోద్దేమోనని భయం.

మొన్న ఆదివారం ఇంటికెళ్లేసరికి గడప మీద కూర్చుని ఫోన్ చెవికి నొక్కి పట్టుకుంది.

"మీ నాన్న పలకట్లేదే" అంది.

లాక్కుని చూశాను. ఒక్కటీ లేదు. ఫోన్ నిండిపోయింది, పాత వాయిస్ మెసేజ్‌లు తీసెయ్యాలా అని ఏదో క్లీనింగ్ యాప్ అడిగింది, అమ్మ నొక్కేసింది. మళ్లీ తెరిచి చూస్తే అదే బాక్సు వచ్చింది: ఎడమవైపు 'ఉంచు', కుడివైపు 'తొలగించు'. దాన్ని గీసినవాడి చేతులు పడిపోను! ఎంత వెతికినా ఒక్క మెసేజూ తిరిగి రాలేదు. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"చదవలేనప్పుడు ఊరుకోవాలి గానీ, కుడివైపుది నొక్కమని నీకెవరు చెప్పారమ్మా?" అని అరిచాను.

అమ్మ తన చెయ్యి కేసి చూసుకుంది.

"మీ నాన్నే. ఫోన్ కొనిచ్చిన రోజు చెప్పేడు. ఏ పెట్టె వచ్చినా కంగారు పడకు, అన్నం తినే చేతివైపుది నొక్కు, అదే పోద్ది అన్నాడు."

భయంభయంగా అడిగింది.

"ఆయన చెప్పినట్టే కదే చేశాను?"

"అవునమ్మా, కరెక్టుగానే నొక్కావు" అన్నాను.