డయాగ్రమ్‌లో ఎర్ర చుక్కల గీత

హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి నేను గోదావరిఖనిలో ఉండి పనిచేస్తాను. మా క్వార్టర్ వెనకగదిలో ఒక బల్ల, దాని మీద ల్యాప్‌టాప్. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని దగ్గరే కాబట్టి కిటికీ ఎంత బిగించినా సాయంత్రానికి కీబోర్డు మీద నల్లపొడి పేరుకుంటుంది. మా అత్తమ్మ నా ఉద్యోగం గురించి ఎవరడిగినా "కంప్యూటర్ల బొమ్మలు గీస్తది" అని చెప్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. క్లౌడ్‌లో ఏ యంత్రం దేనితో మాట్లాడుతుంది, సమాచారం ఎక్కడ దాస్తారు, లోపలికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు, ఇదంతా చూడగానే తెలిసేలా గీసివ్వడమే నా పని.

ఆ వారం మాకు ఆడిట్ ఉంది. మా క్లయింటు రక్తపరీక్షలు చేసే ల్యాబుల సంస్థ. జనం రిపోర్టులన్నీ క్లౌడ్‌లోనే ఉంటాయి. వాటికి ఎంత భద్రత ఉందో చూడడానికి బయటినుంచి ఒక ఆడిటర్ వస్తున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆన్‌లైన్ మీటింగులో డయాగ్రమ్ చూపించి వివరించాల్సింది నేను.

పాత డయాగ్రమ్ ఒకటి ఉంది. ఎవరో పెట్టెలు లాగి, రంగులద్ది, ముచ్చటగా గీశారు. అలాంటి వాటిని నేను నమ్మను. సిస్టమ్ మారుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం గీసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. అందుకే ముందు ఒక టూల్‌తో క్లౌడ్ ఖాతా మొత్తం చదివిస్తాను. అక్కడ నిజంగా ఏం నడుస్తున్నాయో అది బయటపెడుతుంది. తర్వాత ఆ సంగతులను నేను కోడ్‌లాగా వరసల్లో రాస్తే ఇంకో టూల్ బొమ్మ గీసిపెడుతుంది. సిస్టమ్ మారితే ఒక వరస మారిస్తే చాలు.

ఆ రోజు టూల్ ఇచ్చింది చూస్తే చిక్కుపడ్డ దారపుండలా ఉంది. ఓపిగ్గా విడదీశాను. బయటి జనం రాగలిగిన భాగం ఎడమవైపు, ఎవరూ రాకూడని భాగం కుడివైపు పెట్టాను. మామూలు రాకపోకలకు నిండు గీత, కాపీలకు చుక్కల గీత. అన్నీ సర్దుకున్నాక ఒక చుక్కల గీత మిగిలింది. రిపోర్టులు దాచే చోటునుంచి బయలుదేరి, మా సిస్టమ్ హద్దుగా గీసిన చట్రం దాటి, బయట ఎవరిదో ఖాతాలోకి పోతోంది. అది క్లయింటుది కాదు, మాది కాదు. రోజూ కొత్త రిపోర్టుల కాపీ అక్కడికి చేరుతోంది.

టూల్ పొరపాటేమో అనుకుని మళ్లీ చదివించాను. గీత అక్కడే ఉంది. దానికి ఎర్రరంగు వేశాను. మా మేనేజర్‌కు డయాగ్రమ్ పంపించి ఫోన్ చేశాను.

ఆయన విషయమంతా విన్నారు. తర్వాత, "అది మనకంటే ముందు పనిచేసిన వెండర్‌ది అయ్యుంటుందండీ. రేపటి డయాగ్రమ్‌లో అది వద్దు. ఆడిట్ అయిపోనివ్వండి, మెల్లగా ఆపేద్దాం" అన్నారు.

"ముందు ఆపేద్దాం సర్. ఆపినాక డయాగ్రమ్‌లోంచి తీసేస్తాను."

"ఆపాలంటే క్లయింటుకు చెప్పాలి. ఇన్నాళ్లూ మీరేం చూశారని మనల్నే అడుగుతారు. మీ పని డయాగ్రమ్ వరకే, దయచేసి అంతవరకే చూడండి."

కాసేపటికి ఆయనే ఒక ఫైలు పంపించారు. నేను గీసిందే, ఆ గీత ఒక్కటి లేదు. కింద మూలన 'తయారుచేసినవారు' అన్నచోట నా పేరు అలాగే ఉంది.

మా ఆయన గనిలో డంపర్ నడుపుతాడు. ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, పళ్లెం ముందు కూర్చున్నాడు. నా ముఖం చూసి, "ఏందే, గట్లున్నవ్?" అన్నాడు. అంతా చెప్పాను.

"తీసేస్తే ఎవరికన్న తెలుస్తదా?"

"ఇప్పట్ల తెల్వదు, బావా."

"చూపెడితే?"

"నౌకరి పోవచ్చు."

అతను అన్నం కలుపుకున్నాడు. "ఫికర్ చెయ్యకు, పోతే పోనీ అని నేనన్లేను. నీకు ఈడ కూసొని చేసే నౌకరి ఇంకోటి దొరుకుడు కష్టం. కని నీ పేరు పెట్టుకున్న దాన్ల అబద్ధం చెప్పమని గూడ అన్లేను. నువ్వే చూస్కో" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఏదో ఒకటి తేల్చి చెప్తాడనుకున్నాను.

మర్నాడు మీటింగుకు ముందు రెండు ఫైళ్లూ తెరిచిపెట్టుకున్నాను. ఆడిటర్ ఒక పెద్దావిడ. క్లయింటు తరఫున ఇద్దరు, మావైపు మేనేజర్, నేను. నా వంతు రాబోతుండగా గని దగ్గర బ్లాస్టింగ్ సైరన్ మోగింది. మైకు ఆపేసుకున్నాను. ఆ వెంటనే నేల అదిరింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఫోన్లో మేనేజర్ మెసేజ్ కనిపించింది: నేను పంపిందే చూపించండి.

"వినిపిస్తోందా అమ్మా?" అని ఆడిటర్ అడిగారు.

మైకు మళ్లీ ఆన్ చేశాను. నా ఫైలే తెరిచాను. ఎడమనుంచి కుడికి ఒక్కో పెట్టె గురించి చెప్పుకుంటూ పోయాను. ఆవిడ మధ్యలో ఆపారు.

"చట్రం దాటి పోతోందే, ఆ ఎర్ర చుక్కల గీత ఏంటి?"

"రిపోర్టుల కాపీ బయటి ఖాతాకు వెళ్తోందండీ. ఆ ఖాతా ఎవరిదో నేను నిర్ధారించుకోలేకపోయాను. నిన్ననే బయటపడింది."

మేనేజర్ వీడియో ఆగిపోయింది. క్లయింటు మనుషుల్లో ఒకాయన ముందుకు వంగి, "ఇది మాకెవ్వరూ చెప్పలేదు. ఇప్పుడే ఆపగలరా?" అన్నారు. అందరూ చూస్తుండగానే ఆ కాపీని ఆపేశాను. రెండు క్లిక్కుల పని.

ఆ ఖాతా పాత వెండర్‌దేనని తర్వాత తేలింది. ఒప్పందం ముగిసినా కాపీని ఎవరూ ఆపలేదు. క్లయింటు మా కంపెనీని వదులుకోలేదు. అప్పటికే ఆ ఖాతాలో చేరిన రిపోర్టులు చెరిపించే పని తమ లాయర్లకు అప్పగించారు. నన్ను మాత్రం మా కంపెనీవాళ్లు ఆ ప్రాజెక్టునుంచి తప్పించారు. కారణం అడిగితే "టీముల సర్దుబాటు" అన్నారు. మేనేజర్ మళ్లీ నాతో మాట్లాడలేదు. చాలా రోజులు ఫోన్ మోగితే చాలు, ఉద్యోగం పోయిందన్న కబురే అనుకునేదాన్ని. వంట చేస్తూ కూడా ఫోన్ పక్కనే పెట్టుకునేదాన్ని.

ఆ కబురు రాలేదు. ఇప్పుడు గోడౌన్ల కంపెనీ ఒకదానికి గీస్తున్నాను. అదే బల్ల, అదే కిటికీ. ప్రమోషన్ జాబితాలో ఈసారి నా పేరు లేదని తెలిసిన రోజు మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. డ్యూటీనుంచి వస్తూ వేడివేడి మిర్చిబజ్జీలు తెచ్చి బల్ల మీద పెట్టి, "కీబోర్డు మీద నూనె పడనియ్యకు" అని వెళ్లిపోయాడు.